పేరు తెలిసినందుకు బతికాడు

కందిరీగ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే, కుడితే మంట. చూరు కింద చిన్న గొడుగులా వేలాడే గూడు కట్టేది, పెద్ద తుట్టె పెట్టేది, పసుపుది, ఎర్రది, అన్నీ మనకి కందిరీగలే. నాకూ నిన్నమొన్నటి దాకా అంతే. గొడుగులాంటి గూడు కట్టే రకం గురించి చదువుతుంటే దాని ప్రజాతి పేరు పోలిస్టెస్ అని, దాని పక్కనే లాత్రేయ్, 1802 అని కనబడింది. ఎవరీయన అని వెతికితే, సినిమా తీయదగ్గ జీవితం దొరికింది.

పియర్ ఆంద్రే లాత్రేయ్ 1762లో ఫ్రాన్స్‌లోని బ్రీవ్ అనే ఊళ్లో పుట్టాడు. పెళ్లి కాని తల్లిదండ్రులకి పుట్టిన బిడ్డ. అమ్మానాన్నల దగ్గర పెరగలేదు. దయగల పెద్దవాళ్లు చేరదీసి చదివించారు. 1786లో క్రైస్తవ మతాధికారుల వర్గంలో చేరాడు. కానీ మనసంతా పురుగుల మీదే. ఖాళీ దొరికితే వాటిని పట్టుకోవడం, పోల్చి చూడడం, రాసుకోవడం.

ఇంతలో ఫ్రెంచి విప్లవం వచ్చింది. మతగురువులంతా కొత్త ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. లాత్రేయ్ చేయలేదు. 1793లో పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. బోర్డో నగరంలోని ఆ చీకటి కొట్లో ఉన్నవాళ్లకి చావు తప్ప వేరే దారి కనబడని రోజులవి.

ఒకరోజు జైలుకి వచ్చిన వైద్యుడు, ఈ ఖైదీ నేల మీద పాకుతున్న చిన్న పురుగుని శ్రద్ధగా చూస్తుండడం గమనించాడు. ఏమిటని అడిగితే, ఇది చాలా అరుదైనదని లాత్రేయ్ చెప్పాడు. మెడ దగ్గర ఎరుపు, వెనకంతా మెరిసే నీలం. శవాల మీద, ఎండిన మాంసం మీద బతికే పెంకు పురుగు అది. 1775లోనే ఫాబ్రీసియస్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. ఇవాళ దాని పేరు నెక్రోబియా రూఫికోలిస్. వైద్యుడు ఆ పురుగుని తనకి తెలిసిన ఒక కుర్రాడికి పంపాడు. పేరు బోరీ ద సెయింట్ విన్సెంట్, వయసు 15 ఏళ్లు, వాడికీ ప్రకృతి శాస్త్రం పిచ్చి. లాత్రేయ్ పేరు అప్పటికే వాడికి తెలుసు. వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని లాత్రేయ్‌ని విడిపించాడు. అదే జైల్లో మిగిలిపోయినవాళ్లు నెల తిరక్కుండానే చనిపోయారట.

ఆ కుర్రాడి వయసు చూసి నేను కాసేపు ఆగిపోయాను. మనకంటే నాలుగేళ్లు చిన్న!

లాత్రేయ్ బయటికొచ్చాక కూడా పురుగుల్ని వదల్లేదు. 1796లో పురుగుల ప్రజాతుల మీద తన పుస్తకం అచ్చు వేశాడు. 1798లో పారిస్ మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. 1802లో కాగితం గూడు కందిరీగల్ని మిగతావాటి నుంచి విడదీసి పోలిస్టెస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో నగరం కట్టేవాడు అని అర్థం. వీటిని గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. పొట్ట రెండు చివర్లా సన్నబడి కదురులా ఉంటుంది, ఎగిరేటప్పుడు పొడుగు కాళ్లు కిందికి వేలాడతాయి. చెక్కని గీకి, ఉమ్మితో కలిపి నమిలి, కాగితం లాంటి గదులు కడతాయి. ఒక్క కాడ మీద వేలాడే ఆ గూటికి చుట్టూ గోడ ఉండదు, గదులన్నీ బయటికే కనిపిస్తాయి.

1810లో ఆయన ఇంకో మంచి పని చేశాడు. ఒక్కో ప్రజాతికి నమూనాగా ఒక్కో జాతిని చూపించాడు. పేరు దేనిదో తర్వాతి వాళ్లకి అనుమానం రాకూడదు కదా.

అయినా అనుమానం వచ్చింది! పోలిస్టెస్ ప్రజాతికి నమూనా జాతి గాలికస్. దానికి అచ్చం అక్కలా ఉండే ఇంకో జాతి డొమిన్యులా. రెండూ నలుపు పసుపు చారలవే. పొట్ట కింది చివరి పలక నల్లగా ఉందా, పసుపుగా ఉందా లాంటి చిన్న గుర్తులతో తేడా పట్టాలి. దాంతో 1985 దాకా ఎన్నో పరిశోధనల్లో డొమిన్యులానే గాలికస్ అని రాసుకుంటూ పోయారు. మన భాషలో చెప్పాలంటే పాయింటర్ తప్పు అడ్రస్‌ని చూపిస్తోంది. ప్రోగ్రామ్ క్రాష్ కూడా అవ్వదు, తప్పు జవాబే ధైర్యంగా ఇస్తుంది.

అది చిన్న తప్పు కాదు. డొమిన్యులా యూరప్‌తో ఆగలేదు. 1970ల చివర్లో అమెరికాలో బోస్టన్ దగ్గర కనబడి, అక్కణ్ణుంచి ఖండమంతా పాకింది. ఆస్ట్రేలియాకీ, దక్షిణాఫ్రికాకీ చేరింది. ఏది ఎక్కడికి పోతోందో, స్థానిక జాతుల చోటుని ఎవరు లాక్కుంటున్నారో మ్యాపు గీయాలంటే ముందు పేరు సరిగ్గా ఉండాలి. పాత పేపర్లలో గాలికస్ అని ఉన్న ప్రతిచోటా అది నిజంగా ఏదో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

లాత్రేయ్‌కి సొంత కుర్చీ మాత్రం చాలా ఆలస్యంగా దక్కింది. చూపు పోయిన లామార్క్ బదులు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. లామార్క్ పోయాక, 1830లో, 67 ఏళ్ల వయసులో ప్రొఫెసర్ అయ్యాడు. మూడేళ్లకే, 1833లో, కన్నుమూశాడు. పారిస్‌లో ఆయన సమాధి మీద ఆ జైలు పురుగు పేరు కూడా చెక్కారు.

ఇంటి పేరు ఇవ్వడానికి తండ్రి ముందుకు రాని బిడ్డ, వందల జీవులకి పేర్లు పెట్టి పోయాడు. పురుగుల పేర్లు తెలిస్తే ఏం ఒరుగుతుంది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు రెండు జవాబులున్నాయి. పేరు సరిగ్గా తెలిసినందుకు ఒక మనిషి బతికాడు. పేరు తప్పినందుకు ఒక కందిరీగ ఎన్నో ఏళ్లపాటు అందరి కళ్ల ముందే ఉండి కూడా, ఎవరికీ అదిగా తెలియకుండా తిరిగింది.