మార్లవాయి ఆచార్యుడు

తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి పోయేవారికి, చెట్ల వరుసలు దాటిన పిమ్మట, గులాబి వన్నె రాతితో నిర్మించిన ఆర్ట్స్ కళాశాల భవనం గంభీరంగా దర్శనమిస్తుంది. 1939లో ఆ భవనం ప్రారంభమైన కొద్ది యేండ్లకు, మానవశాస్త్రంలో ఆచార్యుడుగా ఈ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఒక ఆస్ట్రియా దేశీయుడు కలడు. ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. నగరంలోని పండితులకంటె ఆదిలాబాదు అడవులలోని గోండులకే ఆయన ఎక్కువ ఆత్మీయుడు. ఈ నేలకు తొలి హక్కుదారులెవరు, వారిని గుర్తించవలసిన దెవరు, గుర్తించినంత మాత్రాన వారికి ఒరిగే దేమిటి అనే ప్రశ్నలు దేశంలో ఇంకా చల్లారలేదు. ఆ ప్రశ్నల నడుమనే ఆయన జీవితం గడిచింది.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నా నగరంలో జన్మించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, అస్సాం, బర్మా కొండజాతులను గూర్చిన పరిశోధనకు 1931లో డాక్టరు పట్టం పొందాడు. గ్రంథాలయంలో కూర్చుండి వ్రాసిన ఆ పరిశోధన ఆయనకు తృప్తి నీయలేదు. లండను వెళ్లి మలినౌస్కీ శిష్యబృందంలో చేరి, ప్రజల నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి బ్రతుకును చూచి వ్రాసే పద్ధతిని అలవరచుకొన్నాడు. 1936లో నాగా కొండలకు వచ్చి సంవత్సరానికి పైగా అక్కడి పల్లెలలో గడిపాడు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడాడు. బెట్టీ అని అందరూ పిలిచే ఆ ఇల్లాలు అటుపై అర్ధశతాబ్దం పాటు ఆయన అడవి ప్రయాణాలలో సహచరిగా నిలిచింది.

1939లో దంపతులు మరల భారతదేశానికి వచ్చేసరికి రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కబళించినందున హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మను పాసుపోర్టు. బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. అయినా, చెరసాలలో పెట్టక హైదరాబాదు సంస్థానపు పొలిమేరలు దాటరాదన్న కట్టడితో విడిచిపెట్టింది. ఆ నిర్బంధమే తెలంగాణపు అడవిబిడ్డల పాలిటికి వరమైంది. ఆయన మొదట నల్లమలలోని చెంచుల వద్దకు, పిదప గోదావరి తీరపు కొండరెడ్ల వద్దకు వెళ్లాడు. ఆ పరిశ్రమ ఫలితంగా వెలువడిన రెండు గ్రంథాలు ఆ జాతుల చరిత్రకు నేటికీ ఆధారాలు.

ఆ తరువాత ఆయన ఆదిలాబాదు గోండుల నడుమకు చేరాడు. ఒకప్పుడు రాజ్యాలేలిన జాతి ఆనాటికి నేల కోల్పోయి దీనస్థితిలో ఉన్నది. ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి, వాటిని రక్షితారణ్యాలుగా ప్రకటించింది. తేలిక నేలలను కొన్నేండ్లు సాగుచేసి, కొన్నేండ్లు బీడు విడిచే గోండు రైతు, బీడు విడిచిన ఏటికి ఆ భూమి తనది కాదని విని నివ్వెరపోయాడు. కాగితం, పట్టా, సంతకం ఎరుగని వాని పొలం, అవి ఎరిగిన వాని పరమైంది. 1929 నాటికి కాజీపేట బల్లార్ష రైలుదారి పూర్తికాగా బయటివారి రాక మరింత పెరిగింది. ఈ బాధలన్నీ గూడుకట్టుకొని 1940లో జోడేఘాట్‌లో ప్రజ్వరిల్లాయి. చుట్టుపట్ల పన్నెండు గ్రామాలపై తమవారికి హక్కు కావాలని నిలిచిన కుమ్రం భీం, అనుచరులతో కూడ నిజాం పోలీసుల తుపాకులకు బలియయ్యాడు.

ఆ నెత్తురు ఆరక మునుపే హైమన్‌డార్ఫ్ ఆ ప్రాంతానికి వచ్చాడు. మార్లవాయి అనే చిన్న పల్లెలో గోండుల ఇండ్ల నడుమ భార్యతో కాపురం పెట్టాడు. గోండీ భాషలో మాటాడగలిగాడు. పర్ధానులు పాడే వంశగాథలను, పెర్సాపేన్ పూజలను, దండారి ఆటలను శ్రద్ధతో నమోదు చేశాడు. వాటితో పాటు ఎవరి పొలం ఎవరి చేతికి ఎట్లు పోయిందో ఆ లెక్కను కూడ వ్రాసి ప్రభుత్వం ముందుంచాడు. కొలువులో ఉన్నతాధికారిగా ఉండిన గ్రిగ్సన్ స్వయంగా బస్తరు గోండులను గూర్చి గ్రంథం వ్రాసినవాడు కావడంతో ఆ నివేదికలు బీరువాలలో పడి ఉండలేదు. వేలాది కుటుంబాలకు లక్ష ఎకరాలకు మించి భూమి పట్టాలతో సహా లభించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసింది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారైనాయి. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలనను, పంచాయతీలను ఏర్పరుస్తూ 1946లో ఒక శాసనం వచ్చింది.

1945లో ఆయన గిరిజన వ్యవహారాలలో నిజాం ప్రభుత్వ సలహాదారు, ఉస్మానియాలో ఆచార్యుడు కూడ అయ్యాడు. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని 1918లో స్థాపితమైన విద్యాలయమది. అయితే అక్కడి బోధనభాష ఉర్దూ. సంస్థానంలో అధికసంఖ్యాకుల భాష తెలుగైనా దానికే ఆ పీఠం దక్కనప్పుడు, గోండీని తలచేదెవరు? అట్టి కాలంలో, గోండు బాలునికి తొలి అక్షరం తల్లిభాషలోనే అందాలనీ, ఆ మెట్టుపై నిలిచి అతడు మరాఠీకి, ఉర్దూకు ఎగబ్రాకగలడనీ ఈ ఆచార్యుడు వాదించి, చేసి చూపాడు. విశ్వవిద్యాలయం పూనుకొనవలసిన పనిని మార్లవాయి పల్లె నిర్వహించింది.

ఆ రోజులలోనే విద్వాంసుల నడుమ ఒక పెద్ద వివాదం రేగింది. గిరిజనులు వెనుకబడిన హిందువులే కాని వేరొక జాతి కారనీ, ప్రత్యేక రక్షణ వారిని దేశజీవనం నుండి వెలివేస్తుందనీ బొంబాయి ఆచార్యుడు ఘుర్యే 1943లో గ్రంథం వెలువరించాడు. తట్టుకొనగల శక్తి లేనివారిని సంతలోనికి నెట్టడం న్యాయం కాదని వెరియర్ ఎల్విన్ వంటి వారి పక్షం. హైమన్‌డార్ఫ్ మొగ్గు ఎల్విన్ వైపే. గిరిజనుని కంచె లోపల దాచి పెట్టమని కాదు, కాలు నిలదొక్కుకొనే దాకా కాలికింది నేల జారిపోకుండ చూడమని ఆయన కోరిక.

విమర్శకు అతీతుడేమీ కాడాయన. భీంను చంపిన ప్రభుత్వపు జీతమే ఆయన తిన్నాడు. భీం అడిగినది తన గ్రామాలపై అధికారం. శాసనం ఇచ్చినది అధికారుల సంరక్షణ. అడిగిన దానికీ ఇచ్చిన దానికీ నడుమ ఉన్న దూరం నేటికీ పూర్తిగా తరగలేదు. అయితే ఆ జీతం తింటూనే, దొర తప్పును దొరకే వ్రాతపూర్వకంగా చూపించిన ధైర్యం కూడ ఆయనదే.

1949లో దంపతులు లండనుకు తరలిపోయారు. ప్రాచ్య విద్యాసంస్థలో ఆచార్యత్వం, నేపాళదేశపు షేర్పాలపై పరిశోధన ఆయనకు లోకప్రఖ్యాతి తెచ్చాయి. ఇక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధిస్తూ ఆంధ్ర ప్రాంతానికి 1959లో వచ్చిన నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతనున్న భూమి, వేరు రుజువు లేనంతవరకు, గిరిజనుని నుండి వచ్చినదేనని భావించాలన్నది అందలి ముఖ్యాంశం.

ఇంత గట్టి శాసనం ఉండగా, 1970 దశకంలో మరల వచ్చిన వృద్ధాచార్యుడు చూచిన దేమిటి? తాను పట్టాలిప్పించిన పొలాలలో అనేకం చేతులు మారాయి. పాత లెక్కలు దగ్గర పెట్టుకొని ఊరూరా తిరిగి, పోయిన దానిని మరల లెక్కించి, 1982లో వెలువరించిన గ్రంథంలో నిస్సంకోచంగా వ్రాశాడు. అంతకు ముందటి యేడు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో, భూమి కొరకు సభ తలపెట్టిన గోండులపై కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కకు మృతులు 13 మంది. అంతకు చాల ఎక్కువని ప్రజాసంఘాల మాట.

గుర్తింపు సమస్య మరొక రూపంలో కూడ ఆయనకు ఎదురైంది. 1976నాటి చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. వారికి అట్టి గుర్తింపు లేని మహారాష్ట్ర నుండి వలస పెరిగి, గోండుల నేలపై ఒత్తిడి హెచ్చిందని ఆయన వ్రాశాడు. ఆంధ్ర ప్రాంతంలో అంతకు పూర్వమే గుర్తింపు పొందిన తమకు ఇక్కడ మాత్రం ఆలస్యంగా న్యాయం జరిగిందని లంబాడీల వాదన. 2017లో ఈ తగవు ఆదిలాబాదును కుదిపివేసింది. ఒకే జాబితాలోని ఇద్దరు పేదలు ఒకరినొకరు అనుమానంతో చూచుకొనే స్థితి ఏ గుర్తింపుకూ శోభ కాదు.

న్యాయస్థానాలలోనూ ఈ కథ ఒక్క తీరున నడవలేదు. 1970నాటి నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రైవేటు గనుల గుత్తలు చెల్లవని 1997లో సమత కేసులో నిర్ణయించింది. కాని ఆ ప్రాంతాల ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఉత్తర్వును 2020లో కొట్టివేసింది. గోండు బిడ్డలకు గోండు గురువు అన్న మార్లవాయి తలంపు ఆ తీర్పుతో మరల ప్రశ్నగా మారింది. ఇతర దేశాలలో కూడ ఇదే పెనుగులాట. ఆదిమవాసులకు రాజ్యాంగంలో గుర్తింపును, పార్లమెంటుకు సలహా చెప్పే వేదికను ఇవ్వాలన్న ప్రతిపాదనను ఆస్ట్రేలియా ఓటర్లు 2023లో తిరస్కరించారు. మన రాజ్యాంగమూ షెడ్యూల్డు తెగలన్నదే కాని ఆదివాసులని అనలేదు.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె సమాధి మార్లవాయిలో వెలసింది. 1995లో లండనులో హైమన్‌డార్ఫ్ మరణించగా ఆయన అస్థికలు కూడ ఆ పల్లెకే చేరాయి. ఏటేటా జనవరిలో గోండులు అక్కడ గుమికూడి ఆ దంపతులకు నివాళులర్పిస్తారు. లోకమంతా తిరిగిన వానికి పుట్టిన ఊరూ, పేరు తెచ్చిన ఊరూ కాక, ఈ అడవి పల్లె శాశ్వత విశ్రాంతిస్థలమైంది. ఆయనను తమవానిగా గుర్తించడానికి గోండులకు ఏ శాసనమూ అవసరం కాలేదు. వారిని ఈ నేలకు తొలి బిడ్డలుగా గుర్తించడానికి మనకు ఇన్ని శాసనాలు చాలకున్నవి.