డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠశాలలలో వారమున కొకసారి బాలబాలికలకు నీలిరంగు మాత్ర యొకటి పంచిపెట్టుట మన చదువరు లెఱుగుదురు. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము కలదు. ఆ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును కనుగొన్న శాస్త్రజ్ఞుల కూటమికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన కథ చెప్పునపుడు మన ప్రేగులలో కాపురముండు సూక్ష్మజీవుల కథయు కొంత చెప్పక తీరదు. ఏలయన, ప్రేగులలో పుట్టిన యొక వ్యాధియే ఆయన యింటిని పాడుచేసెను.

శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వేంకమ్మగారు. సంసారము పెద్దది, సంపాదన కొద్ది. బాల్యమున వీరికి చదువుమీద మనసు నిలువలేదు. పదమూడవయేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతులు కావలెనని ఇల్లు విడిచిరనియు, తల్లి పట్టి తెప్పించి మరల బడికి పంపెననియు ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదివి, తుదకు చెన్నపట్టణమున హిందూ ఉన్నత పాఠశాలనుండి మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ ప్రయత్నమున కృతార్థులైరి. ఒకమారు తప్పినంత మాత్రమున పుస్తకములు కట్టిపెట్టు విద్యార్థులు ఈ వాక్యమును రెండుమారులు చదువుకొనవచ్చును.

తరువాత చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుట శస్త్రవైద్యాచార్యులైన దొరగారికి రుచింపలేదు. ఆ కారణమున సుబ్బారావుగారికి ఎం. బి. బి. ఎస్. బిరుదమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్. ఎం. ఎస్. బిరుదమే లభించెను. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు వీరి చదువునకు ధనసహాయము చేసిరి.

ఆ యౌవనకాలముననే వీరి సోదరు లిద్దరు గ్రహణివ్యాధిచే ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరని చెప్పుదురు. పాశ్చాత్య వైద్యులు దానిని ఉష్ణదేశపు స్ప్రూ అందురు. సుబ్బారావుగారికి సైతము ఆ వ్యాధి సోకగా, ఆయుర్వేద వైద్యులైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికి బయటపడిరని వారి చరిత్రలలో కలదు. వైద్యము నేర్చినవాడై యుండియు ఇంటివారిని కాపాడలేకపోయిన బాధ ఎట్టిదో మేము వర్ణింపజాలము.

ఈ వ్యాధి ఎట్టిది? మొదట విరేచనములు పట్టుకొనును. అవి నిలువక, పాలిపోయి క్రొవ్వుతో కూడినవి యగును. నాలుక పుండగును. తిన్నది ఒంట బట్టక మనిషి ఎండిపోవును, రక్తము పలుచబడును. మన చిన్నప్రేగు లోపలి గోడమీద మఖమలుగుడ్డపై నూగువలె చూషకము లను సన్నని మొలకలు లక్షలకొలది కలవు. ఆహారసారమును పీల్చునవి అవియే. ఈ వ్యాధిలో ఆ మొలకలు పొట్టివై మొద్దుబారును. దీని మూలకారణము నేటికిని పూర్తిగ తేలలేదు. ఐనను రోగుల చిన్నప్రేగులో ఉండదగని బాక్టీరియములు మితిమీఱి పెరిగియుండుట పలుమారులు కనుగొనబడినది.

బాక్టీరియమనగానే శత్రువని తలపరాదు. ఒక మనుష్యుని దేహమున ఇంచుమించు 38 లక్షల కోట్ల బాక్టీరియము లున్నవని లెక్క. వానిలో అధికభాగము పెద్దప్రేగులోనివే. అన్నియు చేర్చి తూచినను పావుకిలోకు మించవు. మనకు జీర్ణము గాని పీచును అవి పులియబెట్టి, పెద్దప్రేగు గోడకు ఆహారమగు ఆమ్లములను ఇచ్చును. కొన్ని విటమినులను సైతము చేయును. పెద్దప్రేగు వాని స్వస్థానము. జఠరమునందలి ఆమ్లమును, ఎడతెగని ప్రేగుకదలికయు చిన్నప్రేగులో వానిని కొద్దిగనే యుండనిచ్చును. ఈ కట్టుబాటు చెడినప్పుడు పెద్దప్రేగున సాధువుగా నుండినదే చిన్నప్రేగున దొంగ యగును.

ఈ జీవి యొక్కటే కణము. ఐదువందలు వరుసగ పేర్చిన ఒక మిల్లీమీటరు పొడవగును. మన జీవకణములందువలె దానికి పొర చుట్టిన కేంద్రము లేదు. వంశలక్షణములను మోయు పోగు కణరసముననే ముద్దగ చుట్టుకొనియుండును. వెలుపల చక్కెరలతోను మాంసకృత్తుల తునకలతోను అల్లిన గట్టి కుడ్యము కలదు. మన కణములకు అట్టిది లేదు. కొన్నింటికి ఈదుటకు తోకవంటి కశాభములును, ప్రేగుగోడను పట్టుకొనుటకు నూగువంటి పోగులును ఉండును. లోపల రైబోసోము లను యంత్రములు మాంసకృత్తులను తయారుచేయుచుండును. ఇవి మన రైబోసోములకంటె చిన్నవి, కట్టడమునను వేరు. చదువరులు ఈ భేదమును గుర్తుంచుకొందురుగాక. కథలో దీనితో పని కలదు.

సుబ్బారావుగారు కొంతకాలము చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో అమెరికా చేరి, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవ్యాధుల విద్యాలయమున చేరిరి. జీవనమునకై ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కొలువు చేసిరి. డాక్టరు ఫిస్కేతో కలిసి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ప్రాణులకు శక్తినిచ్చు ఏ. టి. పి. అను పదార్థమును వెల్లడించిరి. ఇంత చేసినను హార్వర్డున స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ ప్రయోగశాలకు పోయి పరిశోధనాధ్యక్షులైరి.

రక్తహీనతకు కార్జము మంచి మందని అప్పటికే తెలియును. 1928 మొదలు బొంబాయిలో డాక్టరు లూసీ విల్సుదొరసాని గర్భిణుల రక్తహీనతను పరీక్షించి, ఈస్టుసారముతో వారు కోలుకొనుట చూచెను. 1941లో అమెరికాలోని టెక్సాసున ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి కొద్దిపాటి పదార్థమును తీసి, ఆకునకు లాటిను మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దీనిని శుద్ధముగ, చవుకగ చేయు పని సుబ్బారావుగారి కూటమిది. అచట వారికి పరీక్షాధికారి యెవరో తెలిసిన మనవారు నవ్వుదురు: మన పెరుగును తోడుకొనజేయు జీవుల దాయాదియగు లాక్టోబాసిల్లసు కేసీ అను బాక్టీరియము! తనకు వలసిన ఫోలిక్ ఆమ్లమును అది తాను చేసికొనలేదు. కాబట్టి ఆ ఆమ్లము లేని రసమున దానినుంచి, పరీక్షింపవలసిన చుక్కను వేసిన, అది పెరిగినచో చుక్కలో ఆమ్లమున్నట్లు, పెరుగకున్న లేనట్లు. ఇట్లు పట్టి పట్టి 1945లో ఆ పదార్థమును కృత్రిమముగ నిర్మించి, 1946లో దాని నిర్మాణస్వరూపమును ప్రకటించిరి. స్ప్రూ రోగులకు దానినిచ్చి చూడగా, నాలుక మాని, ఆకలి పుట్టి, రక్తము పెరిగెను.

దీనికి ఎదురుగ పనిచేయు మందును డాక్టరు ఫార్బరు బోస్టనులో రక్తపు క్యాన్సరు సోకిన పిల్లల కిచ్చి, కొందఱికి కొంతకాలము ఉపశమనము కలుగుటను 1948లో ప్రకటించెను. అదియు ఈ ప్రయోగశాలలోనిదే. బోదకాలు క్రిములకు హెట్రజాను అచటినుండియే వచ్చెను.

రెండవ గొప్ప మందు మట్టినుండి వచ్చెను. డెబ్బదియేండ్లు దాటి విశ్వవిద్యాలయపు కొలువు విరమించిన డాక్టరు డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి ప్రయోగశాలలో చేరి, పలుతావుల మట్టిని పరీక్షించుచు, మిస్సోరి రాష్ట్రపు పొలముమట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవిని కనుగొనెను. అది స్రవించు పదార్థమే ఆరియోమైసిను. ఇది బాక్టీరియముల రైబోసోములకు అంటుకొని పని నిలుపును. మన రైబోసోములను చాలవరకు విడిచిపెట్టును. ఐతే ప్రేగులోని చెడ్డవానిని మంచివానిని ఇది వేరుచేసి చూడదు. అందుచేతనే ఇట్టి మందులు తిన్నవారికి ఒక్కొక్కప్పుడు విరేచనములగుటయు, నోట బూజు పుట్టుటయు కలదు. వైద్యుని అడుగక అంగడిలో కొని మ్రింగువారు దీనిని తలపరు.

1948 జూలైలో న్యూయార్కున ఆరియోమైసిను లోకమునకు తెలుపబడెను. ఆగస్టున సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి, వయస్సు 53. ఓడ యెక్కిననాటినుండి శేషగిరిగారు భర్తను మరల చూడలేదు.

పుంగనూరు, కుప్పము 1911 వరకు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. ఆ జిల్లా గ్రామములలో 1960 తరువాత స్ప్రూ గుంపుగుంపులుగ చెలరేగగా, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు బేకరు, డాక్టరు మాథన్ పల్లెపల్లెకు పోయి దానిని పరిశోధించిరి. నేడు ఆ వ్యాధి మన ప్రాంతమున అరుదు. వచ్చినచో వైద్యులిచ్చునవి రెండు మందులు: ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది ఆరియోమైసిను వంశమునకు చెందిన టెట్రాసైక్లీను. మొదటిది ఎండిన రక్తమును నిలుపును. రెండవది చిన్నప్రేగున చొరబడినవానిని తఱుమును. నాలుకపుండు కొన్ని దినములలోనే మానును; రక్తము కొన్ని వారములలో కోలుకొనును; చూషకములు మరల మొలచుటకు మాత్రము నెలలు పట్టును. కావున మధ్యలో మందు మానరాదని వైద్యులు రోగియింటివారికి మరిమరి చెప్పి పంపుదురు.