క్రిస్టెన్ నైగార్డ్

నార్వే రాజధాని ఓస్లో నగరంలో 1926 ఆగస్టు 27న క్రిస్టెన్ నైగార్డ్ జన్మించాడు. 1948లో ఆ దేశపు రక్షణ పరిశోధన సంస్థలో చేరి, అణు రియాక్టరుకు సంబంధించిన సుదీర్ఘ గణనలలో నిమగ్నుడయ్యాడు. 1956లో ఓస్లో విశ్వవిద్యాలయం నుండి గణితశాస్త్రంలో స్నాతకోత్తర పట్టం పొందాడు.

1960లో ఆయన నార్వే కంప్యూటింగ్ కేంద్రానికి మారాడు. వాస్తవ వ్యవస్థల నడకను కంప్యూటరులో అనుకరించి చూడాలన్నది ఆయన సంకల్పం. దానిని భాషగా మలచిన నేర్పు మిత్రుడు ఓలే యోహాన్ డాల్‌ది. అలా సిమ్యులా భాష రూపొందింది.

అంతలో ఒక చిక్కు ఎదురైంది. సుంకం వసూలు చేసే వంతెన వద్ద లారీలు, బస్సులు బారులు తీరుతాయి. లారీలో సరుకు, బస్సులో ప్రయాణికులు. కాని వరుసలో నిలిచే తీరు రెండింటికీ ఒక్కటే. ఆ తీరును ప్రోగ్రాములో రెండు చోట్ల వేర్వేరుగా రాస్తే, మార్పు అవసరమైనప్పుడు రెండు చోట్లా దిద్దాలి. ఒకచోట మరచినా ప్రోగ్రాము దారి తప్పుతుంది. వాహనాల రకాలు పెరిగినకొద్దీ ఈ భారమూ పెరుగుతుంది. 1967 ప్రారంభం నాటికి మిత్రులిద్దరూ దీనికి పరిష్కారం కనుగొన్నారు. ఉమ్మడి లక్షణాలను ఒక మూల క్లాసులో ఒక్కసారే రాయాలి. లారీ, బస్సు వాటిని వారసత్వంగా పొందాలి. పంచుకున్నకొద్దీ తరిగే ఆస్తి కాదిది! తనకు ప్రత్యేకమైన పనిని ప్రతి క్లాసూ తనదైన రీతిలో నిర్వచించుకోవచ్చు. కొత్తరకం వాహనం వచ్చినా పాత రాతను చాలావరకు కదిలించనక్కరలేదు. ఇదే సిమ్యులా 67 విశిష్టత.

అయితే, ఆబ్జెక్టు లోపలి వివరాలను బయటి భాగాలు తాకకుండా అడ్డుకునే ఏర్పాటు ఆ భాష తొలి రూపంలో లేదు. అందువల్ల లోపలి చిన్న మార్పు కూడా ఎక్కడెక్కడో చిక్కులు తెచ్చిపెట్టగలదు. వివరాలను మరుగుపరచాలన్న సూత్రాన్ని డేవిడ్ పార్నాస్ 1972లో విశదీకరించాడు. ఈ రెండు భావాలూ కలిసినప్పుడే పెద్ద ప్రోగ్రాముల నిర్వహణ సుకరమైంది. స్మాల్‌టాక్, సి ప్లస్ ప్లస్, జావా భాషలు సిమ్యులాకు ఋణపడినవే.

నైగార్డ్ యంత్రాలకే పరిమితం కాలేదు. కంప్యూటరు వల్ల ఎవరి పని మారుతుందో, ఆ వ్యవస్థ రూపకల్పనలో వారికీ పాత్ర ఉండాలని విశ్వసించి, 1970ల తొలినాళ్ళలో లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశాడు. నార్వే ఐరోపా సమాఖ్యలో చేరరాదన్న ఉద్యమానికి సారథ్యం వహించాడు. 1994 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ పక్షమే గెలిచింది.

2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం మిత్రులిద్దరినీ కలిపి వరించింది. 2002 జూన్ 29న డాల్ కన్నుమూశాడు. నెలన్నర తిరగకముందే, ఆగస్టు 10న, నైగార్డ్ గుండెపోటుతో మరణించాడు.