లక్క పురుగు గుట్టు విప్పిన సామర్లకోట వైద్యుడు

భద్రాచలం: ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దు అడవుల్లో ఏటా వేసవిలో గిరిజనులు తునికాకు సేకరిస్తారు. ఆ తునికి చెట్టుకు డయోస్పైరాస్ మెలనోజైలాన్ అని శాస్త్రీయ నామం పెట్టినవాడు స్కాట్లాండ్ దేశస్థుడు విలియం రాక్స్‌బర్గ్. వృక్షశాస్త్రవేత్తగా ఆయన కీర్తి జగద్విదితమే. చెట్టుకూ పురుగుకూ నడుమ గల బంధాన్ని గోదావరి సీమలో ఓపికగా పరిశీలించిన తొలితరం శాస్త్రజ్ఞుల్లో ఆయన ఒకరన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

1751లో జన్మించిన రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరారు. 1781లో సామర్లకోటకు మారారు. అక్కడ తోట వేసి మిరియాలు, చెరకు సాగుపై ప్రయోగాలు చేశారు. నాడు భద్రాచలం ప్రాంతం నిజాం ఏలుబడిలోనిది, సామర్లకోట కంపెనీ పాలనలోని ఉత్తర సర్కారులది. అయితే ఈ సరిహద్దులు మనుషులకే గాని చెట్లకు, పురుగులకు లేవు. గోదావరికి ఇరువైపులా అడవి ఒక్కటే.

కొండల నుంచి వచ్చిన కొన్ని లక్క కొమ్మలతో అసలు కథ మొదలయింది. అప్పటికి యూరప్‌లో లక్కను చెట్టు బంకగా భావించేవారు ఎందరో ఉండేవారు. అది పురుగు పనేనని జేమ్స్ కెర్ 1781లో ప్రకటించినా, ఆ పురుగు జీవితచక్రం పూర్తిగా తేలలేదు. ఒక నవంబర్ 20న తనకు చేరిన తాజా లక్క కొమ్మలను రాక్స్‌బర్గ్ భద్రపరిచారు. సరిగ్గా పద్నాలుగు రోజులకు, డిసెంబర్ 4న, కంటికి ఆననంత చిన్న జీవులు వేలాదిగా లక్కపై పాకుతూ కనిపించాయి. భూతద్దం పెట్టి చూస్తే లక్క గదుల పైనున్న సన్నని రంధ్రాల నుంచి అవి వెలువడుతున్నాయి. ఆ రంధ్రాల నడుమ తెల్లని నూగు కూడా ఉంది. ఈ పరిశీలన 1791లో లండన్ రాయల్ సొసైటీ సంచికలో అచ్చయింది.

ఆ పిల్లపురుగులు లేత కొమ్మపై చోటు చూసుకుని, నోటి ముల్లు బెరడులో గుచ్చి రసం పీలుస్తాయి. ఆడ పురుగు ఇక అక్కడి నుంచి కదలదు. తన చుట్టూ తానే స్రవించిన లక్కలో బందీగా ఉంటూ సంతానాన్ని కంటుంది. పిల్లలు బయటపడక ముందే కొమ్మలన్నీ నరికి లక్క తీస్తే మరుసటి పంటకు విత్తనమే ఉండదు. కనుకనే సాగుదారులు కొన్ని కొమ్మలను విత్తన లక్కగా ఉంచి కొత్త చెట్లకు కడతారు. పురుగు ఎన్నడు వెలువడుతుందో తెలియడం వారికి జీవనాధారంతో ముడిపడిన విషయం.

పురుగు ఏయే చెట్లను ఆశ్రయిస్తుందన్నదీ ఆయన నమోదు చేశారు. కొండ కోరింద, సండ్ర, వెలుతురు చెట్లపై లక్కను గుర్తించి, వాటి తెలుగు పేర్లను కూడా రాశారు. ఇది మెచ్చుకోదగిన అలవాటు. సండ్ర పేరు అనంతరం శాస్త్రీయ నామంలోనూ చేరింది. కొండల నుంచి కొమ్మలు తెచ్చి, చెట్ల పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం ఆ వ్యాసంలో చోటు చేసుకోకపోవడం లోటే.

1793లో కలకత్తా వృక్షోద్యాన అధిపతిగా వెళ్ళినా పురుగులపై ఆసక్తి తగ్గలేదు. టస్సర్ పట్టుపురుగు రేగు, మద్ది జాతి చెట్ల ఆకులను, మరో పట్టుపురుగు ఆముదపు ఆకును తిని గూళ్ళు అల్లే తీరుపై ఆయన రాసిన వ్యాసం 1804లో లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో వెలువడింది. మద్ది, రేగు భద్రాచలం అడవులకు కొత్త కాదు.

సామర్లకోటలో స్థానిక చిత్రకారులచే మొక్కల బొమ్మలు గీయించడం ఆరంభించిన ఆయన, కలకత్తాలోనూ ఆ పని కొనసాగించారు. మొత్తం 2,500కు పైగా చిత్రాలు సిద్ధమయ్యాయి. వాటిలో 300 కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన గ్రంథంలో ముద్రితమయ్యాయి. ఆరోగ్యం క్షీణించి 1813లో భారతదేశం విడిచిన రాక్స్‌బర్గ్, 1815 ఫిబ్రవరి 18న ఎడిన్‌బరోలో కన్నుమూశారు. జీవితకాలమంతా రాసిన ఫ్లోరా ఇండికా రాతప్రతిని శ్రీరాంపూర్‌లోని విలియం కేరీ వద్ద ఉంచి వెళ్ళారు. అది సమగ్రంగా అచ్చయి బయటకు వచ్చింది 1832లో, అంటే ఆయన మరణించిన 17 ఏళ్ళకు.