పనిలోనే పాఠం.. డిచ్‌పల్లి డాక్టరమ్మ

కొత్త ఆలోచనలు పెద్ద ల్యాబుల్లోనే పుడతాయని అనుకుంటున్నారా? అయితే మన డిచ్‌పల్లి ఆస్పత్రి కథ మీరు తెలుసుకోవాల్సిందే.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టారు. అబర్డీన్ యూనివర్సిటీలో వైద్యం చదివి 1903లో పట్టా అందుకున్నారు. మిషనరీ అయిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం మొదలుపెడితే, ఆమె గడప తొక్కినవారిలో కుష్ఠు రోగులూ ఉన్నారు. ఊరు వెలేసిన మనుషులు, ఇంట్లోకి రానివ్వని మనుషులు. వాళ్లను ఆమె పంపించేయలేదు. 1911లో వాళ్ల కోసం చిన్న కేంద్రం తెరిచారు. చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ అండగా నిలిచి విరాళం ఇవ్వడంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి మొదలైంది.

అప్పట్లో కుష్ఠుకు దిక్కు అడవి బాదం గింజల నూనె. తాగితే కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. చాలామంది మధ్యలోనే మానేసేవారు. మందు ఉన్నా రోగి తీసుకోలేకపోతే ఏం లాభం? కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతుల మీద పనిచేస్తున్నారు. కెర్ దంపతులు ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చారు. తలదాచుకునే చోటు కాస్తా చికిత్స దొరికే చోటైంది. 1923లో ఇద్దరికీ కైసర్‌-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ కన్నుమూశారు.

పని మాత్రం ఆగలేదు. ఇక్కడ రోగులను చూసిన డాక్టర్ జాన్ లోవ్ తర్వాత కలకత్తాకు, ఆపై నైజీరియాకు వెళ్లారు. డాప్సోన్‌ను చిన్న మోతాదుల్లో నోటి ద్వారానే ఇవ్వొచ్చని 1940ల చివర్లో అక్కడ చూపించారు. ఇంజెక్షన్ బాధ తప్పింది.

ఇందులో మీకేం ఉందంటారా? మీరు బోధన్‌లో మెషీన్ దగ్గరున్నా, హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందున్నా మూడు పనులు చేయండి. ఎదురుగా వచ్చిన సమస్యను నా పని కాదని తోసేయకండి. ఒక పద్ధతి ఎక్కడ ఆగిపోతోందో, దాన్ని వాడేవాళ్లనే అడిగి రాసుకోండి. వేరేచోట మంచి దారి దొరికితే నామోషీ పడకుండా తెచ్చుకోండి. నేర్చుకున్నది పక్కవాళ్లకు చెప్పడం మర్చిపోకండి. మీరు కంపెనీ మారినా ఆ పని అక్కడ సాగుతూనే ఉంటుంది.