కీర్తిశేషులు మాదరి భాగ్యరెడ్డివర్మగారు

ఒక మనుష్యుఁడు వేఱొకని నే పేరునఁ బిలుచునో, ఆ పిలుపులోనే వారిరువురి నడుమనున్న యెక్కువతక్కువలు వెల్లడియగును. పెత్తనము చేతికఱ్ఱ నెత్తకయే, నోటిమాటతోఁ దన పనిని సాధించుకొనును. ఈ సత్యమును గ్రహించి, దానినే తమ కృషికి మూలముగాఁ జేసికొనిన మహనీయులు భాగ్యరెడ్డివర్మగారు. మన వార్షిక మహాసభా సందర్భమున వారి చరితమును సంగ్రహముగా స్మరింపఁ గోరుచున్నాము.

వీరు 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదు నగరమున మాలకులమునందు జన్మించిరి. మొదటి పేరు భాగయ్య. ఱేఁడు అను మాటనుండియే రెడ్డి శబ్దము పుట్టినదనియు, ఈ నేలకు పూర్వులగు ప్రభువులు తమవారేయనియుఁ జెప్పి కులగురువు వీరికి భాగ్యరెడ్డి యని నామకరణము చేసెను. వర్మ యను బిరుదమును పిమ్మట ఆర్యసమాజమువా రొసంగిరి. వంగి నడువవలసిన కులమునఁ బుట్టినవాఁడు ప్రభునామమును ధరించుట యానాఁడు సామాన్యసాహసము గాదు.

1906లో వీరు జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమున నిరక్షరులకు సంఘనీతిని బోధించిరి. 1911లో నదియే మన్యసంఘమయ్యెను. ఉర్దూ రాజభాషగా వెలయు నిజాము రాజ్యమున, మన బాలురకుఁ దెనుఁగున విద్య నేర్పు పాఠశాలలను 1910 మొదలు నెలకొల్పిరి. బాలికలను దేవునిపేర విడిచి, తుదకు ధనికుల భోగమునకు బలియిచ్చు బసివి, మురళి దురాచారములతోఁ బోరాడిరి. పై వారి దౌష్ట్యమును ఖండించిన నోటితోనే మనవారి మద్యపానమును, జాతరల జంతుబలులను గూడ ఖండించిరి.

1917 నవంబరులో బెజవాడయందుఁ బంచమ మహాసభ కూడెను. అధ్యక్షులు వర్మగారు. ఆ దినములలోఁ గనకదుర్గాలయ ద్వారములు మూయఁబడెను. అధ్యక్షపీఠమునుండి వీరు పంచమపదమునే నిరాకరించిరి. ఆ పదము నితరులు తమపై మోపినదనియు, తాము దేశపు మొదటివారనియు వాదించిరి. సభ యా వాదము నంగీకరించి ఆదిఆంధ్ర మహాసభయయ్యెను. పంచమ, పఱయ పదములకు మాఱుగా ఆదిఆంధ్ర, ఆదిద్రావిడ పదములను మదరాసు ప్రభుత్వము 1922లో గైకొనెను. 1931 జనాభాలెక్కలలో నిజాము రాజ్యమున ఆదిహిందూ నామము చేరెను.

అయినను మన చరిత్రలోని యొక లోపమును దాఁచుట ధర్మము గాదు. పైవారి పెత్తనమును ద్వేషించిన మనలోనే మాల మాదిగ భేదములు మిగిలెను. పొత్తుభోజనము, వియ్యము వచ్చునప్పటికి మన చేతులును వెనుకకుఁ బోయెను. అణఁగినవాఁడు తనకంటె నణఁగినవానిపై దొరతనము చూపుట మానవస్వభావమునందలి దుర్బలత. మన పెద్దలును దానికి లోఁబడకపోలేదు.

1939 ఫిబ్రవరి 18న వర్మగారు కీర్తిశేషులైరి. 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగ మస్పృశ్యతను నిషేధించెను. కాని శాసనము పిలుపులోని స్వరమును మార్పఁజాలదు. మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులును, ఉదారులగు పోషకులును ఒక్క విషయము యోచింపవలెనని మా ప్రార్థన. వేదికపైఁ గూర్చున్న మనము పందిరి వేసిన కూలివానిని, వంటశాలలోని సోదరిని ఏమని పిలుచుచున్నాము? మనకు దక్కిన గారు అను గౌరవము వారికిని దక్కిననాఁడే వర్మగారికి మనము నిజముగా నంజలి ఘటించినవార మగుదుము.