ఏడు ఘడియల మంత్రి

మా పల్నాడులో నాయకురాలు నాగమ్మకి మంచి పేరు లేదు. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి నలుగురిలో గట్టిగా మాట్లాడి తన మాట నెగ్గించుకుంటే చాలు, ఆమె అటు వెళ్లగానే నాగమ్మతో పోల్చేస్తారు. పొగడ్తగా పోల్చినవాళ్లని నేనైతే చూడలేదు. సినిమాలూ అదే దారి. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధంలో నాగమ్మగా కన్నాంబ, 1966లో వచ్చినదాంట్లో భానుమతి. ఇద్దరూ మహానటులే, ఇద్దరి చేతా కుట్రలే చేయించారు.

మాది పిడుగురాళ్ల. సున్నం బట్టీల ఊరు. కారంపూడి, గురజాల, దాచేపల్లి అన్నీ చుట్టుపక్కలే కాబట్టి ఈ కథని మాకెవరూ కూర్చోబెట్టి చెప్పరు, పెరిగేకొద్దీ అదే చెవిన పడుతుంది. నేను దాన్ని ఇంకోలా చూడటం మొదలుపెట్టింది మాత్రం హాస్టల్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నేర్చుకుంటున్నప్పుడు. 1999 నాటి ఆట, మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు: మొదట్లో మామూలుగా మీ చేతిలో ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, గుర్రమ్మీద ఒక స్కౌట్ ఉంటారు. మ్యాప్ అంతా చీకటి. చదరంగంలోలాగా వంతులుండవు, మీరు ఆలోచిస్తున్నంతసేపూ అవతలివాడు ఆడుతూనే ఉంటాడు. కొత్తవాళ్లకి సీనియర్లు కత్తి తిప్పడం నేర్పరు. మూడు ప్రశ్నలు నేర్పుతారు. మన తిండి ఎక్కణ్ణించి వస్తోంది? అవతలివాడి తిండి ఎక్కణ్ణించి వస్తోంది? టైమ్ ఎవరి వైపు ఉంది? ఎన్ని వందల మంది సైనికులున్నా ఈ మూడూ తెలియనివాడు ఓడిపోతాడు.

ఈ ప్రశ్నలు పట్టుకుని నాగమ్మ జీవితం చూడండి.

కథ ప్రకారం ఆమె పుట్టుక పల్నాడు కాదు. కరీంనగర్ వైపు ఆర్వెల్లి. తండ్రి రామిరెడ్డితో పాటు మేనమామ ఉన్న జిట్టగామాలపాడుకి వచ్చింది. ఇప్పుడు దాచేపల్లి దగ్గరున్న గామాలపాడు అదే. మేనమామ కొడుకుతో పెళ్లయింది, కొద్దికాలానికే భర్త పోయాడు. 12వ శతాబ్దం, వితంతువు, పరాయి ప్రాంతం. పొలం చూసుకుంది, ఊరి వ్యవహారాలు చూసింది. అంటే తిండి ఎక్కణ్ణించి వస్తుందో ముందు తెలుసుకుంది.

అవతల బ్రహ్మనాయుడు. తండ్రి దొడ్డనాయుడు అనుగురాజు కొలువులో మంత్రి. రాజ్యం ఎలా నడుస్తుందో ఇంట్లో చూస్తూ పెరిగినవాడు. పైగా మామూలు మంత్రి కూడా కాదు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు, మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసి సైన్యానికి ముందు నిలబెట్టాడు. పల్నాడు ఆయన్ని ఇప్పటికీ దేవుడిలా తలుచుకోవడానికి కారణం ఉంది. నాగమ్మ వైపు మాట్లాడాలంటే ఆయన్ని తక్కువ చెయ్యాలని నేననుకోను.

ఆమె కొలువులోకి వచ్చిన తీరు అందరికీ తెలిసిందే. ఎండలో వేటాడి అలిసిపోయి వచ్చిన రాజుకీ పరివారానికీ నీడ, నీళ్లు, భోజనం చూసింది. ఏం కావాలో కోరుకొమ్మంటే మాన్యం అడగలేదు, నగలు అడగలేదు. ఏడు ఘడియల మంత్రి పదవి అడిగింది. ఘడియ అంటే 24 నిమిషాలు. మొత్తం 168 నిమిషాలు, మూడు గంటలకి ఇంకా 12 తక్కువ. రాజు నవ్వుకుని ఒప్పుకుని ఉంటాడు. నాకు నచ్చేది ఆ తర్వాతది. నేను విన్న కథలో ఆమె వెంటనే గురజాలకి పరిగెత్తదు. ఆ మాటని దాచుకుంటుంది. అనుగురాజు పోయి, సవతి భార్యల పిల్లల మధ్య వాటాల గొడవ మొదలై, నలగామరాజుకి బ్రహ్మనాయుడి మీద పూర్తి నమ్మకం లేని రోజు చూసుకుని వచ్చి అడుగుతుంది. ఆ కాస్త గడువు అయ్యేసరికి ఆమె లేకుండా రాజుకి గడవని పరిస్థితి. కుట్ర అంటారు దీన్ని. చాణక్యుడు చేస్తే ఏమంటారో మీకు తెలుసు.

తర్వాత రాజ్యం రెండయింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో సవతి తమ్ముడు మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. ఇక్కడే కోడిపందెం. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి శివంగి డేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలని పందెం. చిట్టిమల్లు ఓడింది. మోసం జరిగిందని కథ గట్టిగా చెబుతుంది, కావచ్చు. కానీ ఆ మోసం గురించి వాదించుకుంటూ మనం అసలు ఎత్తుని చూడం. ఒక్క సైనికుడు చావకుండా, పక్కవాళ్ల మీద పేరున్న వీరులందర్నీ ఏడేళ్లపాటు మ్యాప్ మీద నుంచి తీసేసిందామె. అరవై ఆరుగురు వీరులు అటువైపు ఉన్నారని చెప్పుకుంటారు. వాళ్లని కత్తితో గెలవలేనని ఆమెకి తెలుసు, అందుకే కత్తి అక్కర్లేని చోటికి పిలిచింది.

వలసపోయినవాళ్ల ఆవుల మంద మీద దాడి చేయించడం కూడా కథలో ఉంది. కారంపూడి తిరునాళ్లలో మందపోరు పేరుతో ఒక రోజు అందుకే ఉంటుంది. మా హాస్టల్ భాషలో చెప్పాలంటే పనివాళ్ల మీద రైడ్ అన్నమాట. కోటని వదిలేసి తిండిని కొట్టడం. ఆటలో అదే పనిచేస్తే పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడతారు.

ఆమె లెక్క తప్పింది మూడో ప్రశ్న దగ్గర. ఏడేళ్లు తనకి దొరికాయనుకుంది. అవతలివాళ్లకీ దొరికాయి. వలసలో వాళ్లకి పొలాలు పెరగలేదు, కోటలు పెరగలేదు. పిల్లలు పెరిగారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఆ ఏడేళ్ల ముందు పసివాడు, ఏడేళ్ల తర్వాత యుద్ధం తప్ప ఇంకో మాట వినని కుర్రాడు. పెద్దవాళ్లు సంధి అంటున్నా ఆగనివాడు.

గడువు తీరాక మాచర్ల వాటా అడగడానికి అలరాజు రాయబారిగా గురజాల వచ్చాడు. నలగామరాజుకి స్వయానా అల్లుడు. అతనికి విషం పెట్టించారు. ఆ పని నరసింగరాజుదని, ఆలోచన నాగమ్మదని కథ. అలరాజు భార్య పేరిందేవి, నలగామరాజు సొంత కూతురు, భర్త శవంతో పాటే ప్రాణం తీసుకుంది. ఇక్కడ నా ఆట భాష అంతా ఆగిపోతుంది. కోడిపందెం దాకా నేను నాగమ్మ పక్కన నిలబడగలను, ఇక్కడ నిలబడలేను. నిజంగా ఆమే చేయించిందా అనేది వేరే సంగతి. ఎందుకంటే మనకి మిగిలిన కథంతా అవతలివైపు నుంచి చెప్పింది. యుద్ధం జరిగిన రెండున్నర శతాబ్దాల తర్వాత శ్రీనాథుడు ద్విపదలో రాశాడు. దాన్ని 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చువేయించారు. అందులో ఉన్నది బాలచంద్రుడి యుద్ధం. జనంలో పాడేది వీరవిద్యవంతులు. పేరులోనే ఉంది వాళ్లు ఎవర్ని పాడతారో. అలిసెట్టి గాలెయ్య పాడిన కథని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు, అదీ వీరుల కథే. నాగమ్మ వైపు రికార్డింగ్ ఎవరి దగ్గరా లేదు.

1180 ప్రాంతంలో కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఆమె స్వయంగా సైన్యాన్ని నడిపిందని చెబుతారు. బాలచంద్రుడు పోయాడు, కన్నమదాసు పోయాడు, మలిదేవుడి అన్నదమ్ములు పోయారు, నలగాముడి వైపు కూడా లెక్క అంతే. కొత్తగా ఆడేవాళ్లకి సీనియర్లు చివర్లో చెప్పే సంగతి ఒకటుంది: ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు ఏం చేస్తున్నాడో చూసుకోమని. ఓరుగల్లులో కాకతి రుద్రదేవుడు ఉన్నాడు. పల్నాడు, దానికి అండగా నిలిచిన వెలనాటి చోళులు నీరసించిపోయాక ఆయన అధికారం కృష్ణ దాటి త్రిపురాంతకం దాకా వచ్చింది. గురజాల, మాచర్ల మళ్లీ ఎవరి రాజధానులూ కాలేదు.

ఏటా కార్తీక అమావాస్యకి కారంపూడిలో వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. పేర్లు వరసగా చదివితే అందులో ఎన్ని నాగమ్మ వేసిన ఎత్తులో లెక్కపెట్టుకోవచ్చు. పూజలు మాత్రం వీరుల ఆయుధాలకి.

యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు ఆమెని చంపలేదట. నలగామరాజునే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి తను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడట. ఆ బిలం మా పిడుగురాళ్ల మండలంలోనే ఉంది, తొలి ఏకాదశికి జనంతో నిండిపోతుంది. నాగమ్మ పుట్టినవైపే వెళ్లిపోయిందని కొందరు చెబుతారు. దాచేపల్లి, గామాలపాడు వైపు ఆమె కట్టించిందని చెప్పుకునే శివాలయాలున్నాయి. బస్సులో మాచర్ల వెళ్తుంటే ఆ ఊళ్లు దారిలోనే తగులుతాయి.